ఆవు మెడ మీద రెండు సూదులు: పశువుల్లో టీబీ స్పందనను సరిగా కొలిచే పద్ధతి

ట్యూబర్‌క్యులిన్ పరీక్ష టీబీ క్రిమిని వెతకదు. ఆ క్రిమి పశువు ఒంట్లోని రక్షణ కణాలకు ఇదివరకే తారసపడిందా, వాటికి ఇంకా గుర్తుందా అని అడుగుతుంది. జవాబు మెడ మీద వాపుగా వస్తుంది, దాన్ని మనం మిల్లీమీటర్లలో చదువుతాం. పరీక్ష అంతా ఇంతే. కానీ 4 మిల్లీమీటర్ల గీత దగ్గర ఒక ఆవు సంగతి తేలాల్సిన చోట, చర్మం మడత పట్టే తీరు వల్లే 2 మిల్లీమీటర్ల తేడా వచ్చేస్తుంది. అందుకే సూది వెయ్యడం కంటే కొలవడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో పాడి పశువులను చూసే పశువైద్యులు, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల లాంటి చోట్ల పీజీ పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు, వాళ్లకు తోడుగా పశువును పట్టి నిలిపే సహాయకులు చదవాలని రాసిన పద్ధతి ఇది. సూది వేసే, ఫలితం ప్రకటించే బాధ్యత మాత్రం రిజిస్టరైన పశువైద్యుడిదే.

ఆవే ఎందుకు

టీబీ మీద రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందో మనకు తెలిసిన దాంట్లో పెద్ద భాగం చిట్టెలుకల నుంచి వచ్చింది. అవి చవక, వాటి కణాలను గుర్తించే రసాయనాలన్నీ దొరుకుతాయి. కానీ మామూలుగా వాడే సీ57 బ్లాక్ 6 జాతి ఎలుక ఊపిరితిత్తుల్లో, మనిషిలో లాగా నడిమధ్య జున్నులా కుళ్లిన గడ్డ కట్టదు. గినీపందిలో కడుతుంది, కొద్ది క్రిములకే జబ్బు పడుతుంది. అయితే దాని కణాలను విడివిడిగా గుర్తుపట్టే సాధనాలు తక్కువ. కుందేలు ఊపిరితిత్తుల్లో బొరియలు కూడా పడతాయి. కోతి మనిషికి అన్నిటికంటే దగ్గర, ఖర్చూ అంతే ఎక్కువ. వీటిలో దేనికైనా బతికున్న టీబీ క్రిమిని ఎక్కించాలంటే మూడో స్థాయి జీవభద్రత ప్రయోగశాల తప్పనిసరి. అది లేని చోట ఆ పని తలపెట్టనే కూడదు.

ఆవుకు మనం జబ్బు అంటించక్కర్లేదు. అది ఈ జబ్బుకు సహజంగానే గురయ్యే జీవి. ఊపిరి ద్వారా క్రిమి చేరి, ఛాతీలోని లింఫు గ్రంథుల్లో, ఊపిరితిత్తుల్లో మనిషిలో కనిపించే లాంటి గడ్డలే కడుతుంది. ఒకే ఆవు నుంచి నెలల తరబడి రక్తం తీసి స్పందన ఎలా మారుతోందో చూడొచ్చు. ఎలుకలో ఆ వీలు లేదు. మన చేతిలో బతికున్న క్రిమి కూడా ఉండదు. సూదితో వేసే ట్యూబర్‌క్యులిన్, పొట్టిగా పీపీడీ, అంటే చంపిన క్రిముల పెంపకం ద్రవం నుంచి శుద్ధి చేసిన ప్రొటీన్లు, అంతే. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో ఆవు రక్తం మీద రూపొందిన ఇంటర్‌ఫెరాన్ గామా (రక్షణ కణాలు వదిలే సంకేత ప్రొటీన్) పరీక్ష సూత్రమే తర్వాత మనుషుల రక్త పరీక్షగా వచ్చింది. పశువుల కొట్టంలో జాగ్రత్తగా తీసిన కొలత అంత దూరం పోగలదు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. పశువుల టీబీ అనగానే మైకోబాక్టీరియం బోవిస్ అనుకుంటాం. తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన మానవ రోగుల నమూనాలను జన్యుపరంగా చూసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో బోవిస్ దొరకలేదు, అదే వర్గంలోని మైకోబాక్టీరియం ఒరిజిస్ దొరికింది. దగ్గుతున్న పాలేరు నుంచి మనిషి టీబీ క్రిమి ఆవుకు ఎక్కడమూ ఉంది. ఈ క్రిములన్నిటికీ ప్రొటీన్లు చాలావరకు ఉమ్మడి కాబట్టి బోవిస్ నుంచి తీసిన బోవైన్ పీపీడీ అన్నిటినీ పట్టుకుంటుంది. ఏ క్రిమో మాత్రం చెప్పలేదు. నివేదికలో "బోవిస్ సోకింది" అని రాయకండి, "టీబీ వర్గం క్రిములకు స్పందన ఉంది" అని రాయండి.

అనుమతులు, రైతుతో మాట

రోగ నిర్ధారణ కోసం చేస్తే రైతు ఒప్పుకోలు చాలు. అది కూడా రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. పరిశోధన కోసం అయితే సంస్థలోని జంతు నైతిక సంఘం ఆమోదం ముందుగా ఉండాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాలు ఇందుకు ఆధారం. దరఖాస్తు ఫారం బీలో పెడతారు. పశువుల సంఖ్య ఎందుకంత కావాలో అందులో లెక్కతో చూపించాలి.

రైతుతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం. పాజిటివ్ వస్తే ఏం చేయాలో సూది వేయకముందే చెప్పాలి. వాపు చూసి భయపడిన రైతు మరుసటి వారం ఆ ఆవును సంతకు తోలితే జబ్బు ఇంకో ఊరికి పోతుంది, మన లెక్కలో నుంచి ఆ ఆవూ పోతుంది. వాపు మీద పసుపు, ఆముదం రాయొద్దని, ముఖ్యంగా వాత పెట్టొద్దని, మూడు రోజులు ఆ చోటు ముట్టుకోవద్దని ఇంటిలో పాలు పితికే వాళ్లకు కూడా చెప్పండి. కొట్టంలో ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

ఏ పశువు, ఏ రోజు

చాలా పొరపాట్లు ఈ ఎంపికలోనే మొదలవుతాయి. ఈనే ముందూ, ఈనిన తర్వాతా కొన్ని వారాలు ఆవు రోగనిరోధక స్పందన మందగించి ఉంటుంది. అలాంటి దాన్ని వాయిదా వెయ్యండి. పొదుగువాపుకో, ఇంకే వాపుకో ఈమధ్య డెక్సామెథసోన్ లాంటి స్టీరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయేమో అడగండి. రైతుకు పేరు తెలియకపోవచ్చు, ఖాళీ సీసా చూపించమంటే తెలుస్తుంది. 6 వారాల లోపు దూడలను వదిలేయండి. క్రిమి సోకిన కొత్తలో, సుమారు 3 నుంచి 6 వారాల దాకా, చర్మ స్పందన ఇంకా తయారై ఉండదు. అందుకని కొత్తగా కొని తెచ్చిన పశువు నెగటివ్ వచ్చినా రెండో పరీక్ష చేసేదాకా దాన్ని మందలో కలపకండి.

ఇంతకు ముందు ట్యూబర్‌క్యులిన్ వేసి 60 రోజులు కాకపోతే మళ్లీ వెయ్యొద్దు. ఒకసారి వేశాక కొన్ని వారాల పాటు ఆవు ఆ ప్రొటీన్‌కు తాత్కాలికంగా మొద్దుబారుతుంది. నిజంగా జబ్బున్న ఆవు కూడా నెగటివ్‌గా కనిపిస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో 42 రోజులు కనీస వ్యవధి, కొన్ని చోట్ల 60 పాటిస్తారు. వీలైతే 60కే కట్టుబడండి.

మెడ చర్మం కూడా చూడండి. లంపీ స్కిన్ వచ్చి తగ్గిన పశువుల మెడ మీద గట్టి గుండ్లు మిగులుతాయి. ఆ గుండు పక్కన సూది వేస్తే తర్వాత ఏది వాపో ఏది గుండో తేలదు. కాడి మోసిన ఎద్దు మెడ మీద చర్మం కాయ కాచి మందంగా ఉంటుంది, అక్కడ మడతే రాదు. గాలికుంటు టీకా మెడకు వేసి ఉంటే ఆ వాపు పూర్తిగా పోయేదాకా ఆగండి. పిడుదులు కుట్టిన బొబ్బలుంటే కొంచెం పక్కకు జరగండి.

ఈ ప్రాంతంలో కాలం సంగతి చెప్పక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. ట్యూబర్‌క్యులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఎండలో రొప్పుతున్న సంకర జాతి ఆవు మెడను కుదురుగా పట్టడమూ కష్టం. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. వేసవిలో తప్పకపోతే పొద్దున 6 నుంచి 8 మధ్య ముగించండి. 72 గంటల తర్వాత చదివేదీ అదే చల్లని వేళకు వస్తుంది.

కావాల్సినవి

బోవైన్ పీపీడీ, దానితో పోల్చి చూడటానికి పక్షుల టీబీ క్రిమి నుంచి తీసిన ఏవియన్ పీపీడీ, రెండూ గడువు లోపలివి. ఒక్కో మోతాదు 0.1 మి.లీ., అందులో కనీసం 2,000 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. సీసా మీద మి.లీ.కు ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 20,000 అని ఉంటే 0.1 మి.లీ.లో 2,000 వచ్చినట్టు. ఐస్ ప్యాక్‌లున్న పెట్టెలో సీసాను నేరుగా ఐస్‌కు ఆనించకుండా గుడ్డ చుట్టి పెట్టండి. మూత గుచ్చిన సీసాను ఆ రోజే వాడేయాలి, మిగిలింది దాచకూడదు.

చర్మం మడత మందం కొలిచే మిల్లీమీటర్ల కాలిపర్ ఒకటి. మూడు రోజుల తర్వాత చదివేటప్పుడూ అదే కాలిపర్ కావాలి. వంపు కత్తెర లేదా క్లిప్పర్, పొడి దూది, చెవి ట్యాగు నంబరు రాసుకునే పుస్తకం, సన్న సూదులు. అరుదుగా అలర్జీ వస్తే వాడటానికి అడ్రినలిన్ పెట్టెలో ఉండాలి.

సిరంజి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆటోమేటిక్ 0.1 మి.లీ. సిరంజి ఉంటే బెంగ లేదు. లేని చోట మందుల షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజి వాడేస్తుంటారు. అది రెండు రకాలు. ఒకదాంట్లో మి.లీ.కు 40 గీతలు, ఇంకోదాంట్లో 100. 100 గీతల దాంట్లో 0.1 మి.లీ. అంటే 10వ గీత. 40 గీతల దాంట్లో 4వ గీత. ఎవరో "పదో గీత దాకా" అని చెప్పింది గుర్తుపెట్టుకుని 40 గీతల సిరంజిలో 10 లాగితే పడేది 0.25 మి.లీ., రెండున్నర రెట్లు. వాపు పెద్దదవుతుంది, ఆ ఆవు లెక్క తప్పుతుంది. అన్నిటికంటే మేలు 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి. దాని మీద 0.1 అనే రాసి ఉంటుంది.

సూది వేసే రోజు

పశువును ట్రెవిస్‌లో (కదలకుండా నిలిపే చట్రంలో) నిలబెట్టండి. ట్రెవిస్ లేకపోతే గట్టి గుంజకు తల దగ్గరగా కట్టి, ముకుతాడు ఒకరు పట్టి, మెడ ఒక పక్కకు వంగకుండా నిటారుగా ఉంచాలి. మెడ వంగితే అటువైపు చర్మం సాగి పల్చబడుతుంది, ఇటువైపు ముడుచుకుని మందం పెరుగుతుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కొలత మాత్రం మారిపోతుంది.

మెడ పక్కభాగంలో నడిమి చోటు ఎంచుకోండి. మెడ పై గట్టు నుంచి సుమారు 10 సెం.మీ. కింద మొదటి చోటు. అక్కడి నుంచి భుజం వాలుకు సమాంతరంగా ఇంకో 12.5 సెం.మీ. కింద రెండోది. పైన ఏవియన్, కింద బోవైన్. "పైన పక్షి, కింద పశువు" అనుకుంటే చేతులు తడబడవు. దూడలకూ, పుంగనూరు లాంటి పొట్టి జాతి ఆవులకూ మెడ మీద అంత చోటు ఉండదు. అప్పుడు ఒక వైపు ఏవియన్, రెండో వైపు సరిగ్గా అదే ఎత్తులో బోవైన్ వేయండి.

రెండు చోట్లా వెంట్రుకలు దగ్గరగా కత్తిరించండి. బ్లేడుతో గీకొద్దు, గీకిన చర్మం దానంతటదే ఎర్రబడి ఉబ్బుతుంది. పేడా దుమ్మూ ఉంటే పొడి దూదితో తుడవండి. కత్తిరించిన గుర్తు వల్ల మూడో రోజు ఆ చోటు వెతుక్కోనక్కర్లేదు.

ఇప్పుడు కొలత. బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని మడిచి ఎత్తి, కాలిపర్ దవడలు మడతకు రెండు పక్కలా కేవలం ఆనేలా పెట్టండి. నొక్కకూడదు. చర్మం మెత్తనిది, నొక్కేకొద్దీ పల్చబడుతుంది. ఒకే చోట రెండుసార్లు కొలవండి. రెండు కొలతల మధ్య 1 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలిచి, దగ్గరగా ఉన్న రెండిటి సగటు రాయండి. కొలత వేసుకున్నాకే సూది. ముందు సూది వేసి తర్వాత కొలవడమంటే పునాది లేకుండా గోడ లేపినట్టే.

కొత్తగా చేసేవాళ్లు అసలు పనికి ముందు ఒక రోజు పది పశువుల మెడలు కొలిచి, గంట తర్వాత మొదటి అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి. మీ చేతి తప్పు ఎంతో అప్పుడు తెలుస్తుంది. అది 1 మి.మీ. లోపలికి వచ్చేదాకా అభ్యాసం చేయాల్సిందే.

సూదిని చర్మానికి వాలుగా, చర్మం పొరల లోపలికే దూర్చి 0.1 మి.లీ. మెల్లగా వదలండి. సరిగా పడితే వేలి కింద కందిగింజంత గట్టి బుడిపె తగులుతుంది. తగల్లేదంటే మందు చర్మం కిందికి జారింది. అక్కడ వాపు పరుచుకుపోతుంది, కొలతకు చిక్కదు. కొంచెం మందు బయటికి కారినా మోతాదు తగ్గినట్టే. రెండు సందర్భాల్లోనూ కొంత ఎడంగా కొత్త చోట కొలిచి, మళ్లీ వేసి, అలా చేశామని పుస్తకంలో రాయండి. దాచిపెట్టిన తప్పు మూడో రోజు అర్థంకాని అంకెగా బయటపడుతుంది.

రెండు పీపీడీలకు రెండు వేర్వేరు సిరంజిలు. వాటి మీద రంగు టేపు చుట్టండి. కొన్ని కంపెనీల ఏవియన్ పీపీడీ ఎర్రగా ఉంటుంది, అన్నిటిదీ అలా ఉండదు. రంగును నమ్ముకుంటే ఒకనాడు తారుమారవుతుంది. రెండూ తారుమారైన ఆవు ఫలితం తలకిందులుగా వస్తుంది, దాన్ని పట్టుకునే మార్గం ఉండదు. ఒక పశువుకు వాడిన సూది ఇంకో పశువుకు వాడొద్దు.

పుస్తకంలో చెవి ట్యాగు 12 అంకెలు, జాతి, వయసు, ఈత, చివరిసారి ఈనిన తేదీ, రెండు చోట్ల కొలతలు, సూది వేసిన గంట రాయాలి.

72 గంటలు, "మూడో రోజు" కాదు

ఇది మన లెక్కింపు అలవాటు వల్ల వచ్చే తప్పు. సోమవారం వేస్తే "మూడో రోజు" అని మనం బుధవారాన్ని అంటాం, వేసిన రోజును కూడా కలుపుకుని. అది 48 గంటలే. సోమవారం పొద్దున 7కు వేసింది గురువారం పొద్దున 7కు చదవాలి. 4 గంటలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. రైతుకూ సహాయకుడికీ వారం పేరూ గంటా చెప్పండి, "మూడో రోజు" అనకండి.

ఇంత ఆలస్యం ఎందుకంటే, ఈ వాపు యాంటీబాడీల వల్ల వచ్చేది కాదు. చర్మంలో పడ్డ ప్రొటీన్‌ను అక్కడి కణాలు పట్టి ముక్కలు చేసి చూపిస్తాయి. రక్తంలో తిరుగుతున్న జ్ఞాపక టీ కణాల్లో ఆ ప్రొటీన్‌ను ఎరిగినవి కొన్నే ఉంటాయి. అవి అక్కడికి చేరి ఇంటర్‌ఫెరాన్ గామా వదిలి క్రిములను మింగే మాక్రోఫేజ్‌లనూ ఇతర కణాలనూ పిలుస్తాయి. ఆ కణాల గుంపే గట్టి వాపు. అది ఆవులో 72 గంటల ప్రాంతంలో చదవడానికి కుదురుగా ఉంటుంది. కొన్ని గంటల్లోనే పొంగి మర్నాటికి తగ్గేది వేరే రకం అలర్జీ, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. గినీపందిలో ఇదే స్పందనను 24 గంటలకు చూస్తారు. మనుషుల మాంటూ పరీక్షలో గట్టిపడ్డ చోటు అడ్డం కొలుస్తారు. ఆవులో చర్మం మడత మందం కొలుస్తాం. మెడికల్ ల్యాబ్ నుంచి వచ్చిన వాళ్లు అలవాటుగా స్కేలు తీసుకుని అడ్డం కొలుస్తారు, ఆ అంకె ఇక్కడ దేనికీ పనికిరాదు.

చదివేది మొదటిరోజు కొలిచిన మనిషే అయి ఉండాలి, అదే కాలిపర్‌తో, అదే దిక్కుగా మడత పట్టి. మొదటి కొలతలు చూడకుండా చదివి, ఇంకొకరి చేత రాయించండి. వేలితో తడిమి చూడండి కూడా. మెత్తగా నీరు పట్టినట్టు ఉందా, గట్టిగా ఉందా, నొప్పికి ఆవు మెడ లాక్కుంటోందా, చీము కారుతోందా, భుజం ముందున్న లింఫు గ్రంథి ఉబ్బిందా, ఇవన్నీ రాసుకోవాలి.

లెక్క

ప్రతి చోటా పెరుగుదల అంటే చివరి కొలతలోంచి మొదటి కొలత తీసేయడం. తర్వాత బోవైన్ పెరుగుదలలోంచి ఏవియన్ పెరుగుదల తీసేయాలి. తేడా 4 మి.మీ. కంటే ఎక్కువైతే పాజిటివ్. 1 నుంచి 4 దాకా అయితే అనిశ్చితం. బోవైన్ పెరుగుదల ఏవియన్‌తో సమానమైనా, తక్కువైనా నెగటివ్.

ఒక హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు తీసుకుందాం. ఏవియన్ చోట 7 నుంచి 9, పెరుగుదల 2. బోవైన్ చోట 7 నుంచి 15, పెరుగుదల 8. తేడా 6, పాజిటివ్. ఇంకో ఆవులో ఏవియన్ 7 నుంచి 8, బోవైన్ 7 నుంచి 11. పెరుగుదలలు 1, 4, తేడా 3. అనిశ్చితం, 60 రోజుల తర్వాత మళ్లీ చూడాలి. ఒక ఎనుములో ఏవియన్ 9 నుంచి 15, బోవైన్ 9 నుంచి 13. ఒక్క బోవైన్ మాత్రమే వేసి ఉంటే 4 పెరిగిందని పాజిటివ్ అనేవాళ్లం. ఏవియన్ 6 పెరిగింది కాబట్టి నెగటివ్. చెరువు నీళ్లలో, బురదలో ఉండే హాని తక్కువ మైకోబాక్టీరియాలకో, పేగులకు వచ్చే జోన్స్ వ్యాధి క్రిమికో ఆ ఎనుము ఒళ్లు అలవాటు పడి ఉండొచ్చు. రెండు సూదుల శ్రమ ఇందుకే. జోన్స్ అనుమానం ఉంటే, అంటే తగ్గని పారుడు, చిక్కిపోవడం ఉంటే, దానికి వేరే పరీక్ష పెట్టాలి.

ఎనుము చర్మం మందం కనుక కొలత ఇంకా జాగ్రత్తగా తీయాలి. పై హద్దులు ఆవుల మీద స్థిరపడినవి, ఎనుముల ఫలితాలను ఆవులతో కలిపి సగటు కట్టకండి.

ఒక ప్రమాదకరమైన నెగటివ్ గురించి తప్పకుండా చెప్పాలి. జబ్బు బాగా ముదిరిన ఆవులో రోగనిరోధక స్పందన అలసిపోయి చర్మం పలకదు. ఎముకలు తేలి, పొద్దున లేవగానే దగ్గుతూ, మేత బాగానే తింటున్నా చిక్కిపోతున్న ఆవులో రెండు చోట్లా పెరుగుదల 0 వస్తే సంతోషించకండి. మంద మొత్తానికి ఎక్కువ క్రిములు పంచేది అదే కావచ్చు.

రక్తంలో అదే స్పందన

చర్మ పరీక్షకు తోడుగా ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్ష చేయొచ్చు. ఈ రక్త పరీక్ష కోసం ఆవును రెండోసారి పట్టనక్కర్లేదు, కణాలు ఎంత బలంగా స్పందించాయో అంకెగా కూడా వస్తుంది. రక్తాన్ని ట్యూబర్‌క్యులిన్ వేయకముందే తీయండి. వేసిన తర్వాత కొన్నాళ్లు రక్తంలో స్పందన అటూ ఇటూ అవుతుంది.

హెపారిన్ గొట్టం, ఆకుపచ్చ మూతది వాడాలి. ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో తీస్తే కాల్షియం కట్టుబడిపోయి కణాలు స్పందించలేవు, తీసిన రక్తం వృథా. తీయగానే గొట్టాన్ని 8, 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి, గిలకొట్టొద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అలవాటుగా ఐస్ మీద పెట్టేస్తారు, రక్త నమూనా అనగానే చేతులు అటే పోతాయి. ఇక్కడ కావాల్సింది బతికున్న కణాలు. 22 డిగ్రీలు, 5 అటూ ఇటూ. పత్తికొండ నుంచో కదిరి నుంచో ఎండాకాలం జీపులో తెస్తుంటే థర్మోకోల్ పెట్టెలో కుండ నీళ్లు నింపిన సీసాల మధ్య గొట్టాలు నిలబెట్టండి, పక్కనే థర్మామీటర్ పెట్టండి. వీలైతే 8 గంటల లోపు ల్యాబులో పని మొదలవ్వాలి.

ల్యాబులో ఒక్కో గుంతలో 1.5 మి.లీ. రక్తం పోస్తారు. ఒకదాంట్లో ఏమీ కలపరు, ఒకదాంట్లో ఏవియన్ పీపీడీ, ఒకదాంట్లో బోవైన్ పీపీడీ, ఇంకోదాంట్లో ఏ కణాన్నైనా రెచ్చగొట్టే మైటోజెన్. 37 డిగ్రీల దగ్గర 16 నుంచి 24 గంటలు ఉంచి, పైన తేలిన ప్లాస్మా తీసి, అందులో ఇంటర్‌ఫెరాన్ గామా ఎంత ఉందో కొలిచే ఎలీసా పరీక్ష చేస్తారు. హద్దులు కిట్ కాగితంలో ఉన్నవే పాటించండి. మైటోజెన్ గుంత కూడా పలకకపోతే ఆ రక్తంలో కణాలు చచ్చిపోయాయని అర్థం. దాన్ని నెగటివ్ అని రాయకూడదు, "నమూనా చెడింది" అని రాయాలి. ఏమీ కలపని గుంతే ఎక్కువ చూపిస్తే ఆవుకు వేరే ఇన్‌ఫెక్షన్ ఏదో నడుస్తూ ఉండొచ్చు.

దూడలకు బీసీజీ వేసి దాని ఫలితం చూసే పరిశోధనలో పీపీడీ ఒక్కటే సరిపోదు. బీసీజీ కూడా టీబీ వర్గంలోదే కాబట్టి, టీకా పడ్డ దూడా జబ్బున్న దూడా పీపీడీకి ఒకేలా పలుకుతాయి. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రొటీన్ల జన్యువులు బీసీజీ తయారీలో పోయాయి. వాటితో రెచ్చగొడితే పలికేది జబ్బు సోకిన దూడే. టీకా ఎవరికి, మామూలు సెలైన్ ఎవరికి అన్నది చీటీలు వేసి తేల్చండి. బలంగా కనిపించిన దూడకు టీకా వేయాలనిపిస్తుంది, ఆ పక్షపాతం ఫలితంలోకి వచ్చేస్తుంది. కొలిచే మనిషికి ఏ దూడ ఏ వర్గమో తెలియకూడదు. పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే కాక, ప్రతి కొలతా మిల్లీమీటర్లలో పుస్తకంలో ఉండాలి. హద్దులు రేపు మారినా ఆ అంకెలు పనికొస్తాయి.

పాజిటివ్ వచ్చాక

1977 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో గోవధ నిషేధం. పరీక్షించి చంపేసే విదేశీ పద్ధతి ఇక్కడ నడవదు. చేయగలిగింది వేరు చేయడం. పాజిటివ్ ఆవును వేరే పాకలో, గాలి బాగా ఆడే చోట, వేరే గాడి, వేరే నీళ్ల తొట్టి పెట్టి కట్టాలి. అది తినగా మిగిలిన బుడ్డల కట్టె తీసి వేరే పశువుకు వేయకూడదు. దాని దూడకు తల్లి పాలు పచ్చివి తాపించొద్దు. ఆ ఇంట్లో పాలు పొంగేదాకా కాచే తాగాలి, పెరుగు కూడా కాచిన పాలతోనే తోడెయ్యాలి. ఆ కొట్టంలో పనిచేసే అందరినీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడగండి. ఏ ఒక్కటి ఉన్నా ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్షకు పంపండి, అది ఉచితం. అక్కడి డాక్టరుకు "పశువుల మధ్య పని చేస్తాడు" అని చీటీ మీద రాసి పంపడం మరవొద్దు. బోవిస్‌కు పైరజినమైడ్ అనే మందు పుట్టుకతోనే పనిచేయదు, ఆ సంగతి డాక్టరుకు ముందే తెలియడం మేలు.

అనిశ్చితం వచ్చిన వాటి ట్యాగు నంబర్లు, 60 రోజుల తర్వాతి తేదీ, ఆ రోజు వారం పేరుతో సహా రైతు ఇంటి గోడ క్యాలెండర్ మీదే రాసి రండి. రెండోసారి సూదులు మెడకు అవతలి వైపు వేయండి, కొత్తగా కొలిచి.